టమ్మీ టక్ తర్వాత ఇంట్లో ఎలా ఉంటుందంటే

అందరికీ నమస్తే అండి. మా వదిన టమ్మీ టక్ చేయించుకుంది, అంటే వేలాడే పొట్ట చర్మం కోసేసి బిగించే ఆపరేషన్, దాంతో పాటు నడుం పక్కల లైపోసక్షన్ కూడా, అదే గొట్టం పెట్టి కొవ్వు లాగేయడం, హాస్పిటల్లో రెండు రాత్రులు, తర్వాత ఇంట్లో రెండు వారాలు అటెండర్ని నేనే, కాబట్టి చూసింది చూసినట్టు చెప్తా. పేరు చెప్పొద్దు, మొహం చూపించొద్దు, మిగతాది నీ ఇష్టం అంది.

రీల్స్‌లో ఆపరేషన్ ముందు, తర్వాత ఫొటోలు చూస్తుంటారు కదా, ఎడమ పక్క పొట్ట ఉంటుంది, కుడి పక్క ఉండదు, మధ్యలో ఒక గీత. ఆ గీత లోపల ఆరు నెలలున్నాయండి, అవి ఎవరూ చూపించరు.

ముందు ఒక మాట, లైపో అంటే బరువు తగ్గే ఆపరేషన్ అనుకుంటారు చాలామంది, కాదు. పొట్ట మీద వేళ్ళతో పట్టుకుంటే చేతికొస్తుంది చూడండి, ఆ చర్మం కింద కొవ్వే తీస్తారు. మన బాబాయిలకుంటుందే, కుండలాగా గట్టిగా ముందుకొచ్చిన పొట్ట, ఆ కొవ్వు లోపల పేగుల చుట్టూ ఉంటుంది, పైపు అక్కడిదాకా పోదు, నడవాల్సిందే, నోరు కట్టుకోవాల్సిందే. 2004లో అమెరికాలో 15 మంది లావుగా ఉన్న ఆడవాళ్ళకి లైపోతో ఒక్కొక్కరికి 9, 10 కిలోల దాకా కొవ్వు తీసి మూడు నెలలలోపు మళ్ళీ టెస్టులు చేశారు, షుగర్‌లో గానీ బీపీలో గానీ కొలెస్ట్రాల్‌లో గానీ మార్పేం రాలేదు. అంటే సైజు మారింది, ఆరోగ్యం ఎక్కడున్నది అక్కడే ఉంది.

పద్ధతి ఏంటంటే సెలైన్‌లో మత్తుమందు, రక్తం ఎక్కువ పోకుండా అడ్రినలిన్ కలిపి ఆ చోటంతా ఉబ్బేలా ఎక్కిస్తారు, తర్వాత కొన్ని మిల్లీమీటర్ల చిన్న చిల్లుల్లోంచి సన్నటి గొట్టం పెట్టి లాగేస్తారు. 5 లీటర్లు దాటి లాగితే దాన్ని పెద్ద లైపో అంటారు, రాత్రంతా హాస్పిటల్లో మానిటర్ మీద ఉండాల్సిందే. ఇది ఎందుకు చెప్తున్నానంటే మేం మొదట వెళ్ళిన ఒక క్లినిక్‌లో డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ వచ్చి కూర్చుంది, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు మేడమ్, ఈ ఆదివారం లోపు అడ్వాన్స్ కడితే డిస్కౌంట్, ఈఎంఐ కూడా ఉంది అని. పొట్ట కోసేదానికి దసరా ఆఫర్ ఏంటండీ? లేచి వచ్చేశాం. బోర్డు మీద కాస్మెటిక్ సర్జన్ అని ఉంటే సరిపోదు, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, మత్తు డాక్టర్ ఎవరు, ఐసీయూ ఉందా, ఈ మూడూ అడగండి, మొహమాటపడకండి.

రెండో చోట డాక్టర్ గారు వదిన పొట్ట చూసి, "నీకు ఉత్త లైపో చేస్తే గాలి తీసిన బుడగలా అవుతుందమ్మా" అన్నారు. రెండు సిజేరియన్లు, చర్మం వేలాడిపోయింది, మధ్యలో కండరాలు విడిపోయాయి. టమ్మీ టక్‌లో ఆ కండరాలు దగ్గరికి లాగి కుట్టి, మిగిలిన చర్మం కోసేసి, బొడ్డుకి కొత్తగా చోటు చేస్తారు. కోత ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది, చీర కింద దాగుతుంది కానీ ఉంటుంది. ఇంకో కాన్పు ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దన్నారు. ఇన్సూరెన్స్ రాదు, అందం కోసం చేసేవాటికి పాలసీలు ఇవ్వవు.

ఇక ఇల్లు. రెండు పక్కలా రెండు డ్రెయిన్లు, అంటే లోపల ఊరే నీళ్ళు బయటికి రావడానికి పెట్టే గొట్టాలు, చివర నిమ్మకాయంత బుడ్డి, నైటీకి పిన్నీసు పెట్టి తగిలించాం. పొద్దున సాయంత్రం ఆ ఎర్రనీళ్ళు కొలిచి మా చిన్నాడి లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో రాసేదాన్ని, 90, 70, 55, రోజుకి 30 ఎంఎల్ లోపుకి వస్తే తీస్తామన్నారు. నిటారుగా నిలబడకూడదు, కుట్లు లాగుతాయని వారం పైన ముసలమ్మలా వంగి నడిచింది, పడుకునేది కూడా మోకాళ్ళ కింద దిండ్లతో. దగ్గొస్తే చాలు, కళ్ళల్లో నీళ్ళు.

ఈలోపు మా పెద్దమ్మ, పప్పు పెట్టొద్దే చీము పడుతుంది అని ఒకటే గోల. డాక్టర్ గారేమో పుండు మానాలంటే పప్పు, గుడ్లు బాగా పెట్టమన్నారు, ఇద్దరి మధ్య నేను. పెద్దమ్మ గుడికెళ్ళినప్పుడు పప్పన్నం పెట్టేశా, ఈ వీడియో ఆవిడ చూడదులెండి.

పదో రోజు అద్దంలో చూసుకుని ఏడ్చింది. వాపు అలా ఉంది మరి, ముందుకంటే లావుగా కనపడింది, మచ్చలు నల్లగా పచ్చగా. ఇంత డబ్బు పోసి ఇదా అని. ఆ వాపు మూడు నెలలకి చాలావరకు పోయింది, పూర్తిగా పోవడానికి ఆరు నెలలు పట్టింది, ఆరు వారాలు రాత్రీ పగలూ పొట్టకి బిగించిన బెల్ట్, మే నెల ఎండల్లో. చలికాలం పెట్టుకోవాల్సిందని ఇప్పటికీ అంటుంది.

భయపడాల్సింది మాత్రం కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడానికి, అది ఊపిరితిత్తులకి పోతే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపించారు. పిక్క వాచి నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా క్యాజువాలిటీకి పరిగెత్తడమే, పొద్దున చూద్దాంలే అనొద్దు. హీరోయిన్ ఆర్తి అగర్వాల్ గుర్తుంది కదా, 2015 జూన్‌లో న్యూజెర్సీలో 31 ఏళ్ళకే పోయింది, కొన్ని వారాల ముందు లైపో చేయించుకుందని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. దానివల్లే అని నేను అనట్లేదు, కానీ మా అన్నయ్య సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది దాని గురించే.

ఇప్పుడు ఎనిమిదో నెల. బాగుంది, నిజంగా బాగుంది, పాత జాకెట్లన్నీ బయటికి తీసింది. బొడ్డు కింద మాత్రం ఇంకా స్పర్శ లేదు, కొందరికి కొంచెం అలాగే ఉండిపోతుందట, వేడినీళ్ళ బ్యాగ్ అక్కడ పెట్టొద్దన్నారు, కాలినా తెలీదు కాబట్టి. మొన్న పెళ్ళికి కుచ్చిళ్ళు దోపుకుని పిన్నీసు పెట్టుకుంది, గంట తర్వాత చీర మీద ఎర్ర చుక్క చూసి నేనే చెప్పాల్సొచ్చింది, "వదినా, పిన్ను నీకే గుచ్చావ్" అని.