వైరల్ లోడ్ కనబడకపోతే హెచ్ఐవీ పోయినట్టేనా?

తమ్ముడు: ఆఁ, ఆన్ అయింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కూర్చుని మాట్లాడతన్నాం, హారన్లు వినబడితే ఏటీ అనుకోకండి. అక్కా, హెచ్ఐవీకి పూర్తిగా నయమయ్యే మందు దొరికేసిందని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది, నిజమేనా?

అక్క: ఆ వీడియో చూసే చేపల వేటకి గుజరాత్‌లో వేరావల్ ఎళ్లే కుర్రోడొకడు ఫోన్ చేసి, "వైరల్ లోడ్‌లో ఏటీ లేదన్నారు కదా మేడమ్, ఇంక మాత్రలు మానేయనా" అన్నాడు రా. నాకు గుండె గుభేల్మంది.

తమ్ముడు: లేదంటే లేనట్టే కదా మరి?

అక్క: ఆ వైరల్ లోడ్ టెస్టు చూసేది రక్తంలో తిరిగే వైరస్‌నే. రోగాలతో పోరాడే సీడీ4 కణాల్లో ఏళ్ల తరబడి బతికే రకం ఒకటుంటది, వైరస్ దాని డీఎన్ఏలోకే దూరిపోయి కిక్కురుమనకుండా కూర్చుంటది, ప్రోటీన్లే తయారు చెయ్యకపోతే మన ఇమ్యూనిటీ దాన్ని ఎలగ పట్టుకుంటాది చెప్పు, మాత్రలు కూడా కొత్త కణాలకి అంటకుండా ఆపుతాయి గానీ లోపల దాక్కున్నదాన్ని తియ్యలేవు. 1997లోనే దొరికింది ఈ సంగతి. ఆ కణాలు సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు, మందులతోనే మొత్తం పోవాలంటే 70 ఏళ్లు పైనే అని లెక్కేశారు.

తమ్ముడు: ఓర్నాయనో! పోనీ దాన్ని లేపి చంపెయ్యొచ్చు కదా?

అక్క: అదే చేశారు, షాక్ అండ్ కిల్ అంటారు. వొరినోస్టాట్ అనే కాన్సర్ మందిస్తే వైరస్ కదిలింది గానీ కణం చావలేదు. బ్రిటన్‌లో రివర్ ట్రయల్ అని 60 మందితో, సగం మందికి వ్యాక్సిన్ కూడా కలిపిచ్చి చూశారు, 2020లో రిజల్ట్ వచ్చింది, మామూలు మందులు వాడినోళ్లకీ వీళ్లకీ తేడా లేదు. లేపడం ఒక పని, చంపడం ఇంకో పని, ఈ రెండోదే ఇంకా కుదర్లేదు.

తమ్ముడు: మరి హెచ్ఐవీ నయమైందన్న ఆ బెర్లిన్ పేషెంటు?

అక్క: టిమోతీ రే బ్రౌన్. ఆయనకి బ్లడ్ కాన్సర్ రా, దానికోసం 2007లో మూలకణాల మార్పిడి చేశారు, ఆ దాతకి సీసీఆర్5 జన్యువు, అంటే వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు లాంటిది తయారుచేసేది, పుట్టుకతోనే పనిచెయ్యదు. ప్రాణం మీదకొచ్చే వైద్యమది, రోజుకో మాత్రతో బాగున్నోడికి ఏ డాక్టరూ చెయ్యడు. అమెరికాలో మిస్సిసిపీ పాపకైతే మందులు లేకుండా 27 నెలలు వైరస్ కనబడలేదు, నయమైందనే అనుకున్నారు, 2014లో మళ్లీ వచ్చేసింది.

తమ్ముడు: ట్రయల్స్‌లో మందులు ఆపుతారంట కదా?

అక్క: ఆపుతారు, కానీ వెంటవెంటనే రక్తం తీసి చూస్తంటారు, వైరస్ లేచిందంటే మళ్లీ మొదలెట్టేస్తారు. నడిసముద్రంలో బోటు మీద ఎవడు చూస్తాడు? అందుకే ఆ కుర్రోడికి చెప్పాను, ఎళ్లే ముందే హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పు, సరిపడా మాత్రలు అడుగు, అక్కడే ఎక్కువ రోజులుంటే గుజరాత్ సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాయించుకో అని.

తమ్ముడు: రాయించుకున్నాడా?

అక్క: సోమవారం సెంటర్‌కి ఎల్తానన్నాడు. నేనూ ఫోన్ చేస్తాను, వదల్ను.