రెక్క విప్పగానే పిట్ట ఎందుకు బెదిరింది?

(తెర మీద: చెట్టు బెరడు మీద రెక్కలు మూసుకుని కూర్చున్న సీతాకోకచిలుక, బాగా దగ్గరి నుంచి)

ఎండుటాకులా కనిపిస్తున్న ఇది యూరప్‌లో తరచుగా కనిపించే పీకాక్ సీతాకోకచిలుక. రెక్కల అడుగువైపంతా మాడిన రంగు. అలికిడి లేదు, కదలిక లేదు. బ్లూ టిట్ అనే చిన్న పిట్ట వచ్చి పక్కనే వాలింది. మెడ చాచింది. ఇప్పుడు చూడండి.

(స్లో మోషన్‌లో రెక్కలు తెరుచుకుంటాయి)

రెప్పపాటులో నాలుగు పెద్ద కళ్లు! ఎర్రటి రెక్కల మీద నీలం, పసుపు, నలుపు కలిసిన గుండ్రటి మచ్చలు. పైగా బుస్సుమని చప్పుడు. అది నోటితో చేసేది కాదు, ముందు రెక్కా వెనక రెక్కా రాసుకుంటే వచ్చేది. పిట్ట అదిరిపడి వెనక్కి ఎగిరింది. సీతాకోకచిలుక పారిపోలేదు సరికదా, పిట్ట ఎటు తిరిగితే అటు తిరిగి రెక్కలు ఆడిస్తూనే ఉంది.

దీన్ని శాస్త్రవేత్తలు డైమాటిక్ డిస్‌ప్లే అంటారు. మనం బెదిరింపు ప్రదర్శన అనుకుందాం. ఇది నిజంగా ప్రాణం కాపాడుతుందా అని 2005లో స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. కొన్ని సీతాకోకచిలుకల కంటి మచ్చలకు రంగు పూసి, బ్లూ టిట్‌లున్న గదిలో వదిలారు. మచ్చలు కప్పేసిన 20లో 13 పిట్టల పాలయ్యాయి. మచ్చలు అలాగే ఉంచిన 34లో చచ్చింది ఒక్కటే.

నిజానికి ఈ సీతాకోకచిలుక దగ్గర విషం లేదు, కొండి లేదు. ఉన్నదంతా ఉత్త బెదిరింపే. మరి పిట్టకు అంత భయం ఎందుకు?

కళ్లముందు ఏదైనా హఠాత్తుగా విచ్చుకుంటే, అదేమిటో పోల్చుకునేలోపే ఒళ్లు వెనక్కి జరుగుతుంది. మన విషయంలోనూ అంతే. పిట్ట వైపు నుంచి చూస్తే లెక్క సులువు. ఉత్తుత్తి దానికి భయపడితే పోయేది ఒక పూట తిండి. నిజమైన శత్రువును తేలిగ్గా తీసుకుంటే ప్రాణమే పోతుంది. బతికుంటే బలుసాకు తినొచ్చు, అంతే కదా! పిట్టలోని ఈ జాగ్రత్తే పురుగుకు పెట్టుబడి.

ఆ మచ్చలు పిట్టకు నిజంగా గుడ్లగూబ కళ్లలా కనిపిస్తాయా, లేక కొట్టొచ్చినట్టు కనిపించే ఆకారం ఏదైనా చాలా? దీని మీద చాలాకాలంగా వాదన నడుస్తోంది. కళ్లలాంటి మచ్చలే అక్కర్లేదు, కొట్టొచ్చే గుర్తు ఏదైనా పనిచేస్తుందని కృత్రిమ ఎరలతో చేసిన ప్రయోగాలు చెప్పాయి. 2015లో గ్రేట్ టిట్ పిట్టలకు కంప్యూటర్ తెర మీద బొమ్మలు చూపిస్తే మాత్రం, నిజమైన గుడ్లగూబ కళ్లకూ, వాటిని పోలిన సీతాకోకచిలుక మచ్చలకూ అవి ఎక్కువ బెదిరాయి. నా మటుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఎందుకంటే కళ్ల బొమ్మే లేకుండా పని కానిచ్చేసే పురుగులూ ఉన్నాయి.

(తెర మీద: బూడిద రంగు మాత్, చెట్టు బెరడులో కలిసిపోయి)

కటోకాలా జాతి మాత్‌లు, అంటే రాత్రిళ్లు ఎగిరే రెక్కల పురుగులు. పగలు బెరడుకు అతుక్కుని ఉంటాయి. పైరెక్కలు అచ్చం బెరడు రంగే. ముట్టుకుంటే చటుక్కున అవి పక్కకు జరిగి, కింద దాచిన రెక్కలు బయటపడతాయి. కొన్నింటికి ఎరుపు, కొన్నింటికి నారింజ, పసుపు, మధ్యలో నల్లటి పట్టీలు.

1985లో డెబ్రా ష్లెనాఫ్ అనే పరిశోధకురాలు బ్లూ జే పక్షుల ముందు ఇలాంటి మాత్ బొమ్మలు పెట్టారు. లాగితే వెనక రెక్కలు విచ్చుకునే బొమ్మలు. బూడిద రెక్కలకు అలవాటుపడ్డ పక్షికి రంగు రెక్క కనబడగానే ఉలిక్కిపడింది. అదే రంగు మళ్లీ మళ్లీ చూపిస్తే, ఓస్ ఇంతేనా అన్నట్టు పట్టించుకోవడం మానేసింది. కొత్త రంగు పట్టీ చూపిస్తే మళ్లీ ఉలిక్కిపడింది!

నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చేది ఇదే. ఈ విద్య బలమంతా చూపించడంలో లేదు, అంతవరకూ దాచి ఉంచడంలో ఉంది. ఒకే అడవిలో రకరకాల రంగుల కటోకాలాలు ఉంటే, పక్షి దేనికీ పూర్తిగా అలవాటుపడే వీలుండదు.

(తెర చీకటవుతుంది, బుస్సుమన్న శబ్దం మాత్రం)

చీకట్లో రంగులతో పని జరగదు. పీకాక్ సీతాకోకచిలుకలు చలికాలమంతా చీకటి మూలల్లో గడుపుతాయి, అక్కడ ఎలుకల బెడద. ముందు చెప్పిన బుస అక్కడ అక్కరకొస్తుంది. శబ్దం చేయగల సీతాకోకచిలుకల దగ్గర్నుంచి ఎలుకలు ఎక్కువగా పారిపోయాయని 2012లో తేలింది.

ఉత్తర అమెరికాలోని వాల్‌నట్ స్ఫింక్స్ గొంగళిపురుగు ఇంకో అడుగు ముందుకేసి ఏకంగా ఈల వేస్తుంది! ఒళ్లు బిగించి, పొట్ట పక్కనున్న ఊపిరి రంధ్రాల్లోంచి గాలిని బయటికి తోస్తుంది. ఆ ఈల విని యెల్లో వార్బ్లర్ పిట్టలు ఎగిరి వెనక్కి దూకాయి. పురుగుకు దెబ్బ తగల్లేదు.

ఇక ఆస్ట్రేలియా కొండల్లోని మౌంటెన్ కేటీడిడ్ సంగతి. ఇది మిడతలకు దగ్గరి చుట్టం. ఆడదానికి ఎగరడం చేతకాదు. రెక్కలు ఎత్తిందంటే కింద ఎరుపు, నీలం, నలుపు పట్టీలు ధగధగలాడతాయి. కానీ శత్రువు కనబడగానే ఎత్తదు. పట్టుకుని, ముట్టుకున్నాకే ఎత్తుతుంది. ఆలస్యం కాదా అంటారా? దాని చర్మం గట్టిది, ఒక పోటును తట్టుకోగలదు. అదీగాక ఒంట్లో శత్రువుకు సహించని రసాయనాలున్నాయి, కాబట్టి దీనిది ఉత్త బెదిరింపు కూడా కాదు. ముందే రంగులు చూపిస్తే, తనను గమనించని శత్రువును కూడా చేజేతులా పిలిచినట్టవుతుంది. అందుకే నోటిదాకా వచ్చాక, వదిలేయడానికి ఇంకా సమయం ఉండగానే చూపిస్తుంది.