పండుగ మూకీల్లో ఎవరికి చోటు దక్కింది?

శ్రోతలకు నమస్కారం.

1898లో ఇంగ్లండులో జి. ఎ. స్మిత్ తీసిన క్రిస్మస్ తాత చిత్రం నిమిషానికి కొంచెం పైచిలుకు మాత్రమే నడుస్తుంది. పిల్లలు నిద్రపోతుండగా అదే తెరమీద ఒక గుండ్రని వలయంలో తాత పొగగొట్టంలోకి దిగడం కనిపిస్తుంది. ఒకే ఫిల్ముపై రెండుసార్లు చిత్రీకరించిన ఆ చమత్కారాన్ని సినీ చరిత్రకారులు మెచ్చుకుంటారు. నా చూపు మాత్రం పిల్లలను పడుకోబెట్టి, దీపమార్పి వెళ్ళిపోయే ఆయా మీద నిలుస్తుంది. చీకటి పడితే గాని ఆ అద్భుతం మొదలు కాదు, ఆ చీకటి చేసేది ఆమె. అయినా తాత కానుకలు నింపాలని అక్కడ వేలాడదీసిన మేజోళ్ళలో ఆమెది ఒక్కటీ లేదు.

1910లో అక్కడే క్రిస్మస్ క్రాకర్ల తయారీపై ఒక చిత్రం వచ్చింది. క్రాకరంటే మన టపాకాయ కాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితే టప్పుమని విడిపోయి, లోపలి చిన్న కానుకను బయటపెట్టే కాగితపు గొట్టం. కర్మాగారంలో స్త్రీలు రంగుకాగితాలను చుట్టి, అంటించి, ముడివేసే వేగాన్ని కెమెరా ఓపికగా చూపిస్తుంది. ఆ తరువాత క్రిస్మస్ చెట్టు దగ్గర ఒక కలిగిన కుటుంబం కనిపిస్తుంది. చేసిన చేతులూ, వాటి ఫలం అనుభవించే చేతులూ ఒకే చిత్రంలో ఉన్నా ఒకే గదిలో లేవు. ఇది వ్యాపార ప్రచారానికి తీసినదే కావచ్చు గాని, కూలివారిని ఇంత దగ్గరగా చూపిన పండుగ చిత్రం నేను మరొకటి చూడలేదు.

కథాచిత్రాలకు పేదవాడు కావలసింది జాలి కోసం. అమెరికాలో గ్రిఫిత్ 1909లో తీసిన చిత్రంలో పని దొరకక, తాగుడుకు లోనై ఇల్లు విడిచిన తండ్రి, పండుగ రాత్రి దొంగతనానికి దూరిన ఇల్లు తన భార్యాబిడ్డలదే అవుతుంది. అతనికి క్షమ దొరుకుతుంది, కుటుంబమూ దొరుకుతుంది.

నల్లజాతివారికి ఆ పండుగ ఇంటి చలిమంట పక్కన చోటు అంత సులభంగా దొరకలేదు. ఎడిసన్ సంస్థకు 1905లో ఎడ్విన్ పోర్టర్ తీసిన పండుగ చిత్రంలో కథంతా ఒక తెల్లవారి కుటుంబం చుట్టూ తిరుగుతుంది. అదే పోర్టర్ 1907లో బెర్తా రెగస్టస్ అనే నల్లజాతి నటిని నాయికగా పెట్టి ఒక హాస్యచిత్రం తీశాడు, అది పండుగ చిత్రం కాదు. పన్నునొప్పికి వైద్యుడిచ్చిన వాయువు పీల్చి, ఆమె నవ్వుతూ వీధులన్నీ తిరుగుతుంది, ఎదురైన వారందరినీ నవ్విస్తుంది. చివరకు తెర నిండా ఆమె ముఖమొక్కటే మిగులుతుంది, ఇంకా నవ్వుతూనే.