ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లేదు: బయోస్ ఫ్లాష్ చేసే ముందు ఇవి చూడండి

నమస్కారం అండీ. ఈ వీడియోలో బల్ల మీద మీకు కనిపిస్తున్న బోర్డు ఎచ్చెర్లలో చదువుకునే ఒక అమ్మాయి లాప్‌టాప్‌ది. స్విచ్ నొక్కితే పవర్ లైటు వెలుగుతుంది. ఫ్యాన్ నాలుగైదు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, మళ్లీ తనంతట తనే మొదలవుతుంది. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. మా దగ్గరకి వచ్చేసరికే వేరే చోట దీనికి బయోస్, అంటే ఆన్ చేయగానే లాప్‌టాప్‌ని లేపే మొదటి ప్రోగ్రాం, చిప్పులోకి మళ్లీ ఎక్కించేశారు, దీన్నే రీఫ్లాష్ అంటాం. అయినా బాగవలేదు. దాంతో మదర్‌బోర్డు పోయింది, కొత్తది వేయాలన్నారట. వాళ్ల నాన్నగారు కళింగపట్నం వైపు నుంచి శ్రీకాకుళం తీసుకొచ్చారు. "ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే సెకండ్‌హ్యాండ్ లాప్‌టాపే వచ్చేస్తాది కదా బావూ" అన్నారాయన. ఆ మాటలో న్యాయం ఉంది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. బయోస్ ఫ్లాష్ చేయడం ఆఖర్న చేయాల్సిన పని. ఇప్పుడు చాలా చోట్ల అదే మొదటి పని అయిపోయింది. చిప్పులోకి ఫైలు రాసే ప్రోగ్రామర్ అనే పరికరం చవగ్గా దొరుకుతోంది, ఫైళ్లు నెట్‌లో దొరుకుతున్నాయి, క్లిప్ పెట్టి బటన్ నొక్కడమే. డిస్‌ప్లే రాకపోతే బయోస్, చార్జింగ్ ఎక్కకపోతే బయోస్. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా సెలైన్ ఎక్కించేయడం లాంటిదే ఇది. ఒక్కోసారి తగ్గిపోతుంది కూడా, అందుకే ఆ అలవాటు పోదు.

సరే, బోర్డు దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేశాను. చార్జర్ బదులు ఈ డీసీ పవర్ సప్లై కలుపుతున్నాను. 19 వోల్టులు పెట్టాను, కరెంటు లిమిట్ మొదట తక్కువగానే ఉంచుతాను. ఇప్పుడు మీరు బోర్డును చూడకండి, ఈ సప్లై మీద ఆంపియర్ల అంకెను చూడండి.

0.02. స్విచ్ ఇంకా నొక్కలేదు. అంటే చార్జర్ జాక్ దగ్గర్నుంచి మొదటి మాస్‌ఫెట్లు, అంటే స్విచ్చుల్లా కరెంటును ఆపి వదిలే చిన్న భాగాలు, దాటి కరెంటు లోపలికి వెళ్తోంది, స్విచ్ నొక్కకముందే ఉండాల్సిన స్టాండ్‌బై లైన్లు బతికే ఉన్నాయి. ఇక్కడ సున్నా కనిపిస్తే జాకో, ఫ్యూజో, ఆ మాస్‌ఫెట్లో చూసుకోవాలి. అలా కాకుండా కలపగానే అంకె లిమిట్‌కి తగిలి వోల్టేజీ పడిపోయిందంటే మెయిన్ లైన్‌లో షార్ట్ ఉందన్నమాట. ఈ రెండింటికీ బయోస్‌తో ఏ సంబంధమూ లేదు. ఎన్ని ఫైళ్లు ఎక్కించినా ఆ బోర్డు లేవదు.

ఇప్పుడు స్విచ్ నొక్కుతున్నాను. 0.02 నుంచి 0.3 దాటింది, కాస్త ఊగింది, పడిపోయింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడిపోయింది. మంచి బోర్డులో ఇలా ఉండదు. ప్రాసెసర్ పని మొదలుపెట్టాక అంకె అర ఆంపియర్, ఒకటి, దానికి పైన, అలా ఎగురుతూ దిగుతూ ఉంటుంది. ఎంత అనేది బోర్డును బట్టి మారుతుంది. నడక మాత్రం ఇదే. ఈ ఒక్క అంకెను ఓపిగ్గా చూడటం అలవాటైతే సగం రోగం స్క్రూడ్రైవర్ పట్టకముందే తెలిసిపోతుంది. మా షాపుకి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి నేను మొదట చూపించేది ఇదే.

షార్ట్ ఉన్న బోర్డు గురించి ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాను. చాలాసార్లు దోషి నువ్వుగింజంత సిరామిక్ కెపాసిటర్. ఆ లైన్‌కి ఒక వోల్టు ఇచ్చి, కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ, పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాయండి. ఎక్కడ ముందుగా ఆరిపోతుందో అక్కడే వేడి ఉంది, అక్కడే షార్ట్ ఉంది. ఇచ్చే వోల్టేజీ ఆ లైన్ మామూలు వోల్టేజీని మాత్రం దాటకూడదు. ప్రాసెసర్ లైన్‌లో 3.3 వోల్టులు పెట్టి చూశారంటే ఇక ఆ బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

మన బోర్డులో షార్ట్ లేదు. మల్టీమీటర్‌తో వోల్టేజీ లైన్ల మీద ఉండే కాయిల్స్ (తీగచుట్టలు) దగ్గర చూస్తున్నాను. 3.3 ఉంది, 5 ఉంది. స్విచ్ నొక్కిన వెంటనే ర్యామ్ లైన్ 1.2 వస్తోంది, ఇది డీడీఆర్ 4 కదా, అంతే ఉండాలి. ప్రాసెసర్ లైన్ కూడా క్షణంసేపు వచ్చి పోతోంది. పవర్ వైపు తప్పు కనిపించడం లేదు.

ఇక ఇదిగో, ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు. బయోస్ ఇందులోనే ఉంటుంది. పైన 25క్యూ128 అని రాసి ఉంది. 128 మెగాబిట్లు, అంటే 16 మెగాబైట్లు. ఎనిమిదో కాలు సప్లై, నాలుగోది గ్రౌండ్. మొదటి కాలు మీద ఆసిలోస్కోప్, అంటే వోల్టేజీ మార్పుల్ని తెర మీద గీతగా చూపించే పరికరం, పెడితే, బోర్డు చిప్పును చదివిన ప్రతిసారీ ఆ లైన్ కిందికి దిగుతుంది. చూడండి, స్విచ్ నొక్కగానే గబగబా చదివింది, ఆగిపోయింది. సప్లై ఉంది, చదవడం జరుగుతోంది, ముందుకు మాత్రం వెళ్లడం లేదు. ఇదిగో, ఇక్కడికి వచ్చాక బయోస్‌ని అనుమానించొచ్చు.

చిప్పు పేరు చివరి అక్షరాలు తప్పకుండా చూడండి. విన్‌బాండ్ కంపెనీ చిప్పుల్లో ఎఫ్‌వీ, జేవీ ఇలా చివర వీ ఉంటే 3.3 వోల్టులది. ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ ఇలా డబ్ల్యూ ఉంటే 1.8 వోల్టులది. దానికి అడాప్టర్ పెట్టకుండా 3.3 ఇస్తే చిప్పు పాడవుతుంది. ఇంకోటి, అందరి దగ్గరా ఉండే నల్ల రంగు సీహెచ్341ఏ ప్రోగ్రామర్ సప్లై 3.3 ఇచ్చినా, డేటా లైన్ల మీద 5 వోల్టులు పంపుతుంది. చాలా చిప్పులు దాన్ని ఓర్చుకుంటాయి, కానీ ఎప్పుడూ ఓర్చుకుంటాయన్న నమ్మకం లేదు. దాన్ని 3.3కి మార్చుకోండి, లేదా వోల్టేజీ స్విచ్ ఉన్నది కొనుక్కోండి. కస్టమర్ బోర్డు మీద ఆ రిస్కు తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

క్లిప్ పెడుతున్నాను. ఎర్ర వైరు మొదటి కాలు వైపు, చిప్పు మీద చుక్క ఉన్న వైపు. ముందు చదవాలి, రాయకూడదు. ఒకసారి చదివి సేవ్ చేశాను, మళ్లీ చదివి సేవ్ చేశాను. రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోయినా, ఫైలంతా ఎఫ్ఎఫ్‌లే (ఖాళీ అని చెప్పే విలువ) కనిపించినా క్లిప్ సరిగ్గా కూర్చోలేదనో, క్లిప్ నుంచి వెళ్లే కరెంటును బోర్డే లాగేసుకుంటోందనో అర్థం. అప్పుడు హాట్ ఎయిర్‌తో చిప్పును బయటికి తీసి చదవడమే మంచిది. ఇక్కడ రెండూ కలిశాయి.

ఇప్పుడు ఫైలును, లోపలి అంకెల్ని నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరుస్తున్నాను. కాస్త కిందికి... ఇక్కడ ఆపుతాను. ఇది లాప్‌టాప్ సీరియల్ నంబరు. ఇప్పుడు లాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు చూడండి. నంబర్లు మసక చేశాను, కానీ చివరి రెండు అంకెలైనా కలవడం లేదని మీకే కనిపిస్తోంది. చిప్పులో ఉన్నది ఇంకెవరిదో లాప్‌టాప్ ఫైలు. బోర్డు రివిజన్ (తయారీ వెర్షన్) కూడా వేరే. ఈ అమ్మాయి అసలు ఫైలు ఏమైందని ఫోన్ చేసి అడిగితే, సేవ్ చేయలేదన్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. చదివి సేవ్ చేయడానికి ఐదు నిమిషాలు చాలు.

ఆ 16 మెగాబైట్లలో బయోస్ ఒక్కటే లేదు. ఇంటెల్ బోర్డుల్లో మొదట ఏ భాగం ఎక్కడుందో చెప్పే డిస్క్రిప్టర్ ఉంటుంది, తర్వాత బోర్డు లేవడానికి తెర వెనక పనిచేసే మేనేజ్‌మెంట్ ఇంజిన్ భాగం, దాన్నే ఎంఈ అంటాం, ఆ తర్వాత బయోస్. సీరియల్ నంబరు, ఆ ఒక్క లాప్‌టాప్‌కే ఉండే గుర్తింపు సంఖ్య యూయూఐడీ, విండోస్ 8 నుంచి కంపెనీ లాప్‌టాప్‌లకి వచ్చే విండోస్ కీ, కొన్నిటిలో నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్, అన్నీ ఇందులోనే. ఇక ఎంఈ భాగం ఒక బోర్డు మీద నడిచాక ఆ బోర్డు సెట్టింగులతో ముడిపడిపోతుంది. దాన్ని తీసుకెళ్లి ఇంకో బోర్డులో పెడితే ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరగడం, డిస్‌ప్లే రావడానికి నిమిషాలు పట్టడం, కొన్నిటిలో అరగంటకి ఆగిపోవడం చూస్తాం. లాప్‌టాప్ ఆన్ అయింది కదా అని ఇచ్చేస్తే వారంలో మళ్లీ వస్తుంది.

దీనికి నేను చేసింది ఏమిటంటే, కంపెనీ సైట్‌లో ఇదే మోడల్‌కి ఇచ్చిన అప్‌డేట్ తీసుకుని అందులోంచి బయోస్ భాగం విడదీశాను. అదే బోర్డు నంబరు, అదే రివిజన్ ఉన్న ఫైలు నుంచి డిస్క్రిప్టర్ తీసుకున్నాను. అదే వెర్షన్ ఎంఈని సెట్టింగులు లేని కొత్త స్థితిలో పెట్టాను. స్టిక్కరు మీది సీరియల్ రాశాను. చిప్పు ఎరేజ్ చేసి, రాసి, వెరిఫై చేశాను.

రాసే ముందు వాళ్ల నాన్నగారి చేత అమ్మాయికి ఫోన్ చేయించాను, బిట్‌లాకర్, అంటే విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం, దాని కీ ఉందా అని. ఈ మాట చాలామంది టెక్నీషియన్లు అడగరు. విండోస్ 11 వచ్చే లాప్‌టాప్‌లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. ఎంఈ మారిస్తే ఆ కీలు దాచుకునే టీపీఎమ్ అనే లోపలి భాగంలోని తాళాలు కూడా పోవచ్చు. అప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా ఇక రాదు, ఎవరూ తీయలేరు. ఈ అమ్మాయి ప్రాజెక్టంతా అందులోనే ఉంది. అదృష్టం, కీ తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది.

ఇప్పుడు స్విచ్ నొక్కుతున్నాను. ఆగి ఆగి తిరగడం పోయింది, ఫ్యాన్ నిలకడగా తిరుగుతోంది. కానీ డిస్‌ప్లే లేదు! క్యాప్స్‌లాక్ లైటు మాత్రం వెలిగి ఆరుతోంది. ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో, ఈ మోడల్‌కి ఆ లెక్క మెమరీ లోపమని చెబుతుంది. బయోస్ సరిగ్గా ఉంది కాబట్టే ఈ మాటైనా చెప్పగలిగింది. ర్యామ్ తీసి చూస్తే, కెమెరా దగ్గరగా పెడతాను, స్లాట్ పిన్నుల మీద పచ్చగా పట్టింది చూశారా? మన జిల్లాకి 190 కిలోమీటర్లకి పైగా తీరం ఉంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలి ఇలా పట్టడం మాకు మామూలే. స్లాట్‌ని ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో కడిగాను. ర్యామ్ బంగారు పిన్నుల్ని రబ్బరుతో మెల్లగా రుద్ది తుడిచాను. పెట్టాను, నొక్కాను. వచ్చింది డిస్‌ప్లే.

అంటే మొదట్లో ఈ లాప్‌టాప్‌కి ఉన్న జబ్బు అంతే. రబ్బరు ముక్కతో పోయేది. ఆపైన తప్పు ఫైలు ఎక్కించేసరికి రెండో జబ్బు వచ్చింది, మొదటిది దాని వెనక దాక్కుంది.

బయోస్ ఎప్పుడూ చెడదని కాదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయోస్‌ని తుడిచేసింది. 2017లో ఉబుంటు 17.10 అనే ఆపరేటింగ్ సిస్టమ్ కొన్ని లెనోవో లాప్‌టాప్‌ల బయోస్‌ని పాడు చేస్తే, ఆ డౌన్‌లోడ్‌ని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. మన దగ్గర కారణం ఇంకా మామూలుది. బ్యాటరీ పోయిన లాప్‌టాప్‌ని చార్జర్ మీదే నడుపుతుంటారు, విండోస్ అప్‌డేట్‌తో పాటు బయోస్ అప్‌డేట్ మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. బ్యాటరీ పని చేయకపోతే ఇన్వర్టర్ లైన్ లేకుండా అప్‌డేట్‌కి సరే అనకండి. అలా పోయినదాన్ని ఫ్లాష్ చేస్తే లాప్‌టాప్ నిజంగానే లేచి కూర్చుంటుంది.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకి ఒక విన్నపం. మీ చేతికి వచ్చిన ప్రతి బోర్డు డంప్‌నీ, అంటే చిప్పులోంచి చదివిన ఫైలునీ, బోర్డు నంబరు, రివిజన్, తేదీతో దాచండి. పక్క షాపు వాళ్లు అడిగితే కస్టమర్ సీరియల్, విండోస్ కీ తీసేసి ఇవ్వండి. విజయనగరంలో ఒకరికి ఆ ఫైలు అవసరమైతే శ్రీకాకుళంలో దొరకాలి. నా దగ్గర ఉన్న బోర్డు నంబర్ల పట్టీ వీడియో కింద పెడుతున్నాను. కావాల్సినవాళ్లు మీ బోర్డు మీద ముద్రించిన నంబరు, చిప్పు పేరు రెండూ ఫొటో తీసి పంపండి. మోడల్ పేరు ఒక్కటే పంపితే నేను ఫైలు ఇవ్వను.