ఆ ముఖం ఎవరిది? అవతార్ రోబోల మీద చర్చ

(స్టూడియోలో: హైదరాబాద్‌లో పనిచేసే రోబోటిక్స్ ఇంజనీరు, ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూలు సైన్స్ టీచరు. వీడియో కాల్‌లో: కండరాల క్షీణత వల్ల వీల్‌చైర్‌లో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న యువతి.)

వ్యాఖ్యాత: నమస్కారం. రోబోలొస్తే ఉద్యోగాలు పోతాయా అని ఈ స్టూడియోలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు వేరే సంగతి. మనిషి ఒకచోట ఉంటాడు, అతని తరఫున రోబో ఇంకోచోట పనిచేస్తుంది, పాఠం చెబుతుంది, బడిలో కూర్చుంటుంది. వీటినే అవతార్ రోబోలంటున్నారు. సర్, ఇది నిజంగా ఎక్కడ నడుస్తోంది?

ఇంజనీరు: టోక్యోలో నిహోన్‌బాషి అనే చోట డాన్ అని ఒక కాఫీ షాపు ఉంది. 2021 జూన్‌లో తెరిచారు. మీ బల్ల దగ్గరికి కాఫీ తెచ్చేది 120 సెంటీమీటర్ల ఎత్తున్న తెల్లటి రోబో, ఒరిహిమే-డి. దాన్ని నడిపే మనిషి ఎక్కడో తన ఇంట్లో మంచం మీద ఉంటారు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుతో కాళ్లూ చేతులూ కదలనివాళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవాళ్లు. కొందరు కంటిచూపుతోనే తెర మీద అక్షరాలు ఎంచుకుంటారు. వాళ్లను పైలట్లు అంటారు. 2018 చివర్లో ప్రయోగంగా కొద్దిరోజులు నడిపినప్పుడే గంటకు 1,000 యెన్లు ఇచ్చారు. ఆ జీతం నాకు రోబో కన్నా పెద్ద విషయంగా కనిపించింది. ఆ రోబోను తయారుచేసిన యోషిఫుజి కెంతారో కూడా చిన్నప్పుడు మూడున్నరేళ్లు బడికి వెళ్లలేకపోయినవారే.

యువతి: ఒక్క మాట చెప్పనా సర్? మా బడిలో తొమ్మిదో తరగతి మేడ మీద ఉండేది. మా నాన్న కొన్నాళ్లు ఎత్తుకుని తీసుకెళ్లారు. తర్వాత ఆయనకు నడుము పట్టేసింది. నేను ప్రైవేటుగా ఫీజు కట్టి పది పాసయ్యాను, డిగ్రీ కూడా చేశాను. చదువు వచ్చేసింది కానీ తొమ్మిదో తరగతి నాకు రాలేదు. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఏ సారు ఎవరిని తిట్టారు, అవేవీ తెలియవు. మా బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ ఆ కబుర్లు చెప్పుకుని నవ్వుతుంటే నేను ఊరికే వింటాను.

టీచరు: నాకు తెలిసి నార్వేలో దీనికోసమే ఒక చిన్న రోబో చేశారమ్మా. ఏవీ1 అంటారు. జబ్బుతో ఇంట్లో ఉన్న పిల్లవాడి బదులు బెంచీ మీద కూర్చుంటుంది. పిల్లవాడు ట్యాబ్‌లో క్లాసును చూస్తాడు, క్లాసుకు మాత్రం వాడు కనపడడు, గొంతే వినపడుతుంది. జుట్టు రాలిపోయిన పిల్లలు, ముక్కులో గొట్టం ఉన్న పిల్లలు ఉంటారు కదా. చెయ్యెత్తాలంటే రోబో తల మీద లైటు మినుకుమంటుంది. ఈ రోజు ఒంట్లో బాగోలేదు, నన్నేం అడగకండి అనుకుంటే తల నీలంగా మారుతుంది. ఆ నీలం లైటు గురించి చదివి నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. పిల్లల్ని ఎరిగినవాళ్లు ఎవరో అది ఆలోచించారు.

వ్యాఖ్యాత: మరి మీకు అభ్యంతరం ఎక్కడ?

టీచరు: పిల్లవాడు రోబో ద్వారా బడికి వస్తే సంతోషం. టీచరే రోబో ద్వారా వస్తే నాకు భయం. ఖాళీ పోస్టు భర్తీ చేయమంటే, ఇదిగో తెర పెట్టాం కదా అంటారేమోనని.

ఇంజనీరు: మీ భయానికి ఆధారం ఉంది మేడమ్. 2010 చివర్లో దక్షిణ కొరియాలోని డేగు నగరంలో ప్రాథమిక బడుల్లో ఎంగ్‌కీ అనే రోబోలు పెట్టారు, ఇంగ్లిష్ చెప్పడానికి. దాదాపు 30 ఉంటాయి. చెప్పేది మాత్రం ఫిలిప్పీన్స్‌లో కూర్చున్న టీచర్లు. వాళ్లు నవ్వితే కెమెరా పసిగట్టి రోబో తెర మీది ముఖాన్ని నవ్వించేది. ఆ తెర మీద ఉన్నది ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ.

టీచరు: అంటే ఆ టీచరు ముఖం పిల్లలు చూడనేలేదా?

ఇంజనీరు: రోబో తెర మీద లేదు. చదువు ఆమెది, గొంతు ఆమెది, ముఖం ఇంకెవరిదో.

యువతి: ఇది నాకు కొత్త కాదు సర్. నా మొదటి ఉద్యోగం చాట్ సపోర్ట్. రాత్రి షిఫ్టు, అమెరికా కస్టమర్లు. చేరిన రోజే నాకు సారా అని పేరు పెట్టారు. రెండేళ్లు సారానే. ఒకావిడ కష్టం తీరాక, "థాంక్యూ సారా, నీకు దేవుడు మేలు చెయ్యాలి" అని రాసింది. ఆ దీవెన నాకు చేరిందో లేదో ఇప్పటికీ తెలియదు.

(కొద్ది క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.)

ఇంజనీరు: ఒరిహిమే ముఖం గురించి చెప్పాలి ఇక్కడ. దాన్ని జపాన్‌లో 'నో' అనే సంప్రదాయ నాటకాల్లో వేసుకునే ముసుగును చూసి చేశారు. దానికంటూ ఏ భావమూ ఉండదు. గొంతు వింటుంటే లోపలి మనిషిని ఎదుటివాళ్లే ఊహించుకుంటారు. కాఫీ షాపులో పైలట్లు తమను తాము పరిచయం చేసుకుంటారు, తమ ఊరి సంగతులు చెబుతారు. డేగులో రోబో మనిషిని కప్పేసింది, ఇక్కడ చూపిస్తోంది. మోటార్లు, కెమెరాలు రెండిటిలోనూ ఉన్నాయి.

వ్యాఖ్యాత: జీతాల సంగతి? దూరం నుంచి పని అంటే చవగ్గా దొరికే చోటికే పోతుంది కదా.

ఇంజనీరు: పోతోంది. టోక్యోలో ఫ్యామిలీమార్ట్ దుకాణాల్లో కూల్‌డ్రింకు సీసాలు సర్దే రోబోలున్నాయి. ఎక్కువసేపు వాటంతట అవే పనిచేస్తాయి. సీసా జారిపడితే మాత్రం ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఒకతను ఆ దుకాణాన్ని కళ్లముందు చూపించే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఆ చేతిని తను నడుపుతాడు. జపాన్‌లో కూలీల కొరత. పని జపాన్‌లో, మనిషి మనీలాలో, జీతం కూడా మనీలా లెక్కన. ఇంకొకటి, ఇలాంటి పనిలో ఆ చేతి కదలికలు రికార్డయితే రేపటి రోబోకి అవే పాఠాలు. తన పని తీసుకుపోయే యంత్రానికి తనే నేర్పిస్తున్నాడన్నమాట. దానికి విడిగా డబ్బు ఇవ్వాలని నేను మా ఆఫీసు మీటింగుల్లోనూ అంటుంటాను. ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.

వ్యాఖ్యాత: అమ్మా, మీ ముందు ఇలాంటి ఉద్యోగం పెడితే ఏం అడుగుతారు?

యువతి: నా పేరుతో చేయనివ్వమంటాను. పక్కన నిలబడి అదే పని చేసేవాళ్లకు ఎంతో నాకూ అంతే ఇవ్వమంటాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మాకు ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు ఇంటర్వ్యూల్లో మాత్రం ఇప్పటికీ మొదటి ప్రశ్న, ఆఫీసుకు రాగలరా అని. రోబో ఉన్నా ర్యాంపు కట్టడం మానకూడదు. నాకు వర్షంలో తడవాలని కూడా ఉంటుంది కదా, రోబో తడిస్తే నాకేం తెలుస్తుంది?

టీచరు: అమ్మా, మా బడిలో రోబో లేదు. నా ఫోన్ ఉంది, ఒక స్టాండు ఉంది. శనివారం మూడో పీరియడ్ తొమ్మిదో తరగతికి నాడీ వ్యవస్థ పాఠం చెబుతాను. వస్తావా? ముందు బెంచీ మీద పెడతాను.

యువతి: ముందు బెంచీ వద్దు టీచర్ గారూ. వెనక బెంచీలో పెట్టండి. కబుర్లన్నీ అక్కడే ఉంటాయి.