కొత్త ఫాదర్ గారిలో ఏం చూస్తాం?

హోస్ట్: అందరికీ నమస్కారం. విశాఖలో మా విచారణకి, అంటే మా క్యాథలిక్ చర్చి పరిధిలోని సంఘానికి, త్వరలో కొత్త ఫాదర్ గారు వస్తున్నారు. చర్చిలో పూజ అయ్యాక ఎవరిని కదిపినా ఇదే మాట. అందుకే విచారణ మండలిలో ఉన్న అక్కని పిలిచాను. అక్కా, ఎలాంటి ఫాదర్ రావాలంటారు?

అక్క: ఇంటింటికీ వచ్చే ఫాదర్ రావాలి తమ్ముడూ. నాకు మిగతావన్నీ దాని తర్వాతే.

హోస్ట్: ప్రసంగం కూడానా? చాలామంది మొదట అదే అడుగుతున్నారు.

అక్క: ప్రసంగం బాగుండాలి, కాదనను. కానీ ఎవరింట్లో ఏ దిగులుందో తెలిసిన మనిషి నాలుగు మాటలు చెప్పినా మనసుకి తగులుతాయి. ఇది నా ఒక్కదాని కోరికా కాదు. విచారణ గురువు, అంటే ఫాదర్ గారు, ఇళ్లకి వెళ్లి కష్టసుఖాలు పంచుకోవాలని, రోగుల్ని, ముఖ్యంగా మరణానికి దగ్గరైన వాళ్లని ఆదుకోవాలని 1983 నాటి కానన్ చట్టంలోనే, అంటే మన క్యాథలిక్ సభ చట్టంలోనే, ఉంది. కేజీహెచ్ ఆసుపత్రిలో మనవాళ్లు ఎవరైనా సీరియస్‌గా ఉన్నారంటే అర్ధరాత్రయినా ఫోనెత్తాలి.

హోస్ట్: మన ఊరికంటూ ప్రత్యేకంగా ఏమైనా?

అక్క: ఉంది. స్టీల్ ప్లాంట్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చినాయన పొద్దున్నే పూజకి ఎలా వస్తాడు? ఆ టైమింగ్స్ గురించి ఆలోచించే ఫాదర్ కావాలి. ఇక హార్బర్ వైపు వేటకెళ్లే కుటుంబాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మగవాళ్లు ఒడ్డునే ఉంటారు, చేతిలో డబ్బులాడవు, ఇళ్లల్లో గొడవలు పెరుగుతాయి. ఫాదర్ గారు ఆ వీధుల్లో తిరగాల్సింది ఆ రెండు నెలలే. అప్పుడు ఇంట్లో అందరూ దొరుకుతారు, ఆయన అవసరం కూడా అప్పుడే ఎక్కువ.

హోస్ట్: కానీ ఎంపిక మన చేతిలో లేదు కదా. బాప్టిస్టు సంఘాల్లో అయితే సంఘమే పాస్టర్‌ని పిలుచుకుంటుంది. మనకి అగ్రపీఠాధిపతుల వారు, అంటే ఆర్చిబిషప్ గారు, పంపిస్తారు.

అక్క: నిజమే. అయితే నియమించే ముందు అవసరమనుకుంటే కొందరు గురువుల్ని, విశ్వాసుల్ని కూడా అడిగి తెలుసుకోవాలని అదే చట్టం చెప్తోంది. మన మాటకి విలువుంది. నా బాధంతా, ఆ అవకాశాన్ని మనం ‘ఆయన్ని పంపండి, ఈయన వద్దు’ అనడానికి వాడుకుంటామని. అక్కడే కులం వస్తుంది, ఊరు వస్తుంది, విచారణ రెండు ముక్కలవుతుంది. పేర్లు వద్దు. మా దగ్గర రోగులెందరు, షిఫ్టుల వాళ్లెందరు, చదువు మానేసిన పిల్లలెందరు, అది రాద్దాం.

హోస్ట్: లెక్కల సంగతి?

అక్క: ఆర్థిక మండలి ప్రతి విచారణలో ఉండి తీరాలి. అడక్కముందే లెక్కలు వాళ్ల ముందు పెట్టే ఫాదర్ అయితే ఎవరికీ అనుమానం రాదు.

హోస్ట్: మా కుర్రాళ్లు ఒకటే అన్నారక్కా. పాపసంకీర్తనానికి, అంటే తప్పులు ఒప్పుకోడానికి ఫాదర్ దగ్గరికి, వెళ్తే ఆయన విసుక్కోకూడదట.

అక్క: అయ్యో, అది నేనే ముందు చెప్పాల్సింది. ఒక్కసారి కసురుకున్నా ఆ పిల్లాడు మళ్లీ ఆ ఛాయలకి రాడు.

హోస్ట్: మరి ఆయన వచ్చాక మనం చేయాల్సింది?

అక్క: దండలు, ఫ్లెక్సీలు తగ్గిద్దాం. మంచం పట్టినవాళ్ల పేర్లు, వీధులు రాసి మొదటి వారంలోనే చేతికిద్దాం. దారి తెలిసినవాళ్లు ఒకరు ఆయన వెంట నడవాలి. మా వీధి వరకు నేను వస్తాను.