లెక్కకు ఒకరు తగ్గారు

పెద్దలందరికీ నమస్కారం. పిల్లలూ, కొంచెం ముందుకు జరిగి కూర్చోండి.

ఎండలు ముదరక ముందే కొండ మంటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను అధికారిని కాను. ఉదయగిరి దుర్గం కింద, ఊరి చివరింట్లో కాపురం చేస్తున్న కోడల్ని. అప్పట్లో ఇంట్లో పంతొమ్మిది మందిమి. జేజి, అత్తమామలు, ముగ్గురన్నదమ్ముల కుటుంబాలు, పెళ్లికాని ఆడబిడ్డ, సెలవులకొచ్చిన పిల్లలు. అందరికీ ఒకటే పొయ్యి.

ఏడేళ్ల కిందట, ఏప్రిల్ నెల. మిద్దె మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టాం. పదకొండింటికి వెళ్లి చూస్తే వడియాల మీద నల్లటి బూడిద రేకులు. వేలితో తీయబోతే పొడై ఇంకా అంటుకుపోయింది. తలెత్తితే కొండ మీద పొగ. "యేటా ఉండేదేలే, అదే ఆరిపోద్ది" అంది అత్తమ్మ.

యేటా ఉండేదే, నిజమే. ఫిబ్రవరి నుంచి మన కొండల్లో చెట్లు ఆకు రాలుస్తాయి. కింద ఎండుటాకు, పక్కన ఎండిన బోదగడ్డి. ఒక్క బీడీ ముక్క చాలు. పిడుగు పడి అంటుకుందని సర్దుకుందాం అనుకుంటే కుదరదు. మన దేశంలో అడవి మంటల్లో చాలా భాగం మనుషులు పెట్టినవే. కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కోసం పెట్టేవాళ్లున్నారు, తేనెపట్టు పొగబెట్టి నిప్పు ఆర్పకుండా వచ్చేవాళ్లున్నారు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది, వాళ్లు మనవాళ్లే కాబట్టి. ఆ మంటకు పెద్ద మాను తట్టుకుంటుంది, మొలక తట్టుకోదు. మన ఊరి చెక్క గరిటెల కట్టె ఈ కొండ మీదదే. మొలకలు కాలిపోతే రేపు ఆ చేతులకు పనేది?

ఆ రాత్రి కొండ నడుముకు ఎర్రటి గీత. పిల్లలు మిద్దెక్కి ఒకటే కేకలు. మంట పైకే పోతోంది కదా, మనకేం అనుకున్నాం. మంట ఎక్కువగా ఎత్తుకే పాకుతుంది. దాని వేడికి పైనున్న గడ్డి ముందే ఎండి సిద్ధంగా ఉంటుంది. పొగ సంగతే మాకు తెలీదు. పగలు గాలి కొండెక్కుతుంది, రాత్రి చల్లబడి కిందికి దిగుతుంది. రెండో రాత్రి ఆ గాలితో పాటు పొగంతా ఇళ్ల మీదికి దిగింది. కాలుతున్న మొద్దులు దొర్లి కింది గడ్డికి అంటించాయి. ఒక రవ్వ వచ్చి మా గడ్డివామి మీద పడింది.

ఆయాసం మనిషి అత్తమ్మ. తడిగుడ్డ ముక్కుకు కట్టినా దగ్గు ఆగలేదు. తడిగుడ్డ బూడిదను ఆపుతుంది గానీ సన్నటి పొగను ఆపదు. ఆయాసం ఉన్నవాళ్లను పొగ కనపడిన రోజే దూరం పంపాలి. మేం పంపలేదు.

ఒక ఆటో, మూడు బైకులు. చీకట్లో ఎవరు దేనిమీద ఎక్కారో తెలీదు. బస్టాండు కాడ దిగి మామయ్య వేలు పెట్టి లెక్కబెట్టాడు. పద్దెనిమిది. మళ్లీ లెక్కబెట్టాడు. పద్దెనిమిదే.

"చిన్నోడు యాడ?" అన్నాను తోడికోడలితో.

"నీ కాడ లేడా?" అంది.

వాడు ఆమె కొడుకు, ఆరేళ్లు. ఆమె నా ఆటోలో ఉన్నాడనుకుంది, నేను ఆమె బైకు మీదనుకున్నా. ఉక్కకు తాళలేక దొడ్లో వేపచెట్టు కింద మంచం మీద పడుకున్నాడు వాడు. మా పెద్ద బావగారి కొడుకు తిరిగి వెళ్లి దుప్పటి చుట్టి ఎత్తుకొచ్చాడు. ఆ ఇరవై నిమిషాలు నా తోడికోడలు ఒక్క మాట మాట్లాడలేదు. నా కొంగు పట్టుకుని నిలబడింది. మరునాడు చూస్తే ఆ కొంగు పట్టుకున్న చోట చిరిగి ఉంది.

ఫారెస్టు వాచర్లు, ఊరి కుర్రాళ్లు పచ్చి కొమ్మలతో కొట్టి, ముందున్న గడ్డి చెక్కేసి, తెల్లారేసరికి మంటను ఆపారు. ఇల్లు నిలిచింది, వామి పోయింది.

పది మంది ఉన్న ఇంట్లో ధైర్యం ఎక్కువ. అందరూ ఉన్నారు, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటాం. ఆ రాత్రి మమ్మల్ని ముంచబోయింది ఆ ధైర్యమే. ఎవరిని ఎవరు పట్టుకోవాలో పొగ రాక ముందే పేరు పెట్టి చెప్పుకోండి. ముసలివాళ్లకొకరు, చంటిపిల్లలకొకరు, పశువుల పలుపు విప్పడానికొకరు. కలవాల్సిన చోటు ఒకటే ఉండాలి. వామిని ఇంటికి దూరంగా వేయండి. ఇప్పుడు ఉపగ్రహాలు మంటను పసిగడితే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఫోనుకు మెసేజ్ వస్తుంది, పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ ఉపగ్రహం రోజంతా మన కొండ మీదే ఉండదు. ముందు చూసేది మన కళ్లే. చూడగానే 101కో, 112కో చెప్పండి. అత్తమ్మలాగా ఆయాసపడేవాళ్లుంటే 108.

మా వంటింటి తలుపు వెనక సుద్దతో పేర్లు రాసి ఉంటాయి, ఎవరికి ఎవరని. ప్రతి ఉగాదికీ చెరిపి మళ్లీ రాస్తాం. ఆ చిన్నోడికి ఇప్పుడు పదమూడేళ్లు. వాడి పేరు పక్కన మా జేజి పేరుంది.